కుట్టు దగ్గర

మృగశిర ఇంకా నాలుగు రోజులుందనగా
డిపార్టుమెంటు బూట్లు చేతికొచ్చాయి.
ఏడో నంబరు, మగవాళ్ళ కొలత.
నా పాదం అయిదు.
"ముందు గుడ్డ కుక్కుకో" అన్నాడు మేటు మస్తాన్‌వలి,
"వానొస్తే అదే ముడుచుకుంటుందిలే."

మొదటి జల్లుకి నానిన అప్పడమయ్యాయి.
పొయ్యి పక్కన ఆరబెట్టాను.
తెల్లారేసరికి ఎండాకాలపు బుడమేరు అడుగులా
నెర్రెలు.

తారాపేటలో, వంతెన మెట్ల కింద
గొడుగంత చోటులో కూర్చుంటాడు యేసుపాదం తాత.
పేరుకి తగ్గ పనే అని ఎవరైనా నవ్వబోతే
తనే ముందు నవ్వేస్తాడు, బేరం మాత్రం తగ్గడు.
నా బూటు చెవి దగ్గర పెట్టుకుని వంచాడు,
కొబ్బరికాయ ఊపి చూసేవాడిలా.
"పొయ్యి దగ్గర పెట్టావు కదూ?
తోలంటే చచ్చిందనుకున్నావా,
దానికింకా దాహమేస్తదే పిల్లా."

లేసులు ఊడదియ్యి. నాలుక బయటికి లాగు.
బురద గీకమాక, తడిగుడ్డతో తుడువు.
ఎండ వద్దు. నీడన, గాలికి, ఒక రాత్రంతా.
ఆముదం మూడు పాళ్ళు, తేనెమైనం ఒక పాలు.
నీళ్ళగిన్నెలో గిన్నె పెట్టి కరిగించు,
నేరుగా మంట మీద పెడితే మాడి చస్తది.
బ్రష్షు కాదు, వేళ్ళు.
వేలి వేడికే లోపలికి దిగుద్ది.
"పైన మెరుపు ఎవడైనా తెప్పిస్తాడు.
నీళ్ళు దూరేది కుట్టు దగ్గర."

ఆ తర్వాత ఊరడిగాడు.
దుగ్గిరాల పక్కన అన్నాను. ఇంటిపేరు అడిగాడు, చెప్పాను.
చేతిలో ఆరె కింద పెట్టాడు.
"చిన అంకయ్య నీకేమవుతాడు?"
నాన్నకి నాన్న. నేను చూడలేదు. ఫోటో కూడా లేదు.
"కాలవగట్టున మీ తాత లందలో
తంగేడు చెక్కతో ఊరిన తోలంటే
పొన్నూరు నుంచి వచ్చి కాసుక్కూచునేవాళ్ళం.
రంపె పెడితే వెన్నలా తెగేది."
ఇంత చెప్పి, నెర్రె అతికినందుకు
నలభై రూపాయలూ లెక్కపెట్టి తీసుకున్నాడు.

ఇంట్లో ఆముదం కరుగుతుంటే
అమ్మ కిటికీ మూసింది.
వాసన పోవడానికి కాదు, పక్కింటికి పోకుండా.
"ఈ వాసన ఒంటి మీంచి వదిలించుకోడానికి
మీ నాన్న ఎన్ని సబ్బులు అరగదీశాడో తెలుసా?"
తెలుసు.
పెళ్ళి ఫోటోలో కూడా రబ్బరు చెప్పులే ఆయనవి.
బడిలో గంట కొట్టే ఉద్యోగం, ఇస్త్రీ చొక్కా,
తోలు బెల్టు కొనిస్తే బీరువాలోనే ఉండిపోయింది,
ఇప్పటికీ చుట్టచుట్టుకుని.

నేను రుద్దుతూనే ఉన్నాను.
మడమ, మడత, నాలుక రెండు వైపులా.
తోలు తాగుతూనే ఉంది.
పదకొండింటికి లైటు ఆర్పబోతూ అమ్మ ఆగి,
వేలు తడి చేసుకోకుండానే బూటు మొన నొక్కి చూసి,
"ఆముదం తక్కువైంది" అని
వెళ్ళి పడుకుంది.
ఆవిడకెలా తెలుసని అప్పుడు అడగలేదు.
ఇప్పటికీ అడగలేదు.

ఆషాఢంలో రాత్రి గస్తీ నా వంతు.
రాయనపాడు వైపు, టార్చి, ఎర్రజెండా, టపాసుల సంచి.
వాన పట్టాల మీద పడి పైకి లేస్తోంది.
కంకర జారుతోంది, కప్పలు,
వంతెన కింద బుడమేరు తనలో తనే ఏదో గొణుక్కుంటోంది.
స్తంభం మీద గీత చూశాను. ఇంకా రెండు మూరలుంది.
మూడు గంటలకి గూడ్సు బండి వెళ్ళింది.
టార్చి కాళ్ళ మీద వేశాను:
నీళ్ళు నిలవడం లేదు, గవ్వల్లా దొర్లిపోతున్నాయి.
ఎడమకాలు పొడిగా, వెచ్చగా.
కుడికాలు చిటికెనవేలు దగ్గర మాత్రం
సన్నగా, చల్లగా ఒక్క చుక్క.
ఎక్కడో ఒక కుట్టు మర్చిపోయాను.
ఆ ఒక్క వేలుతోనే మిగతా మూడు కిలోమీటర్లూ నడిచాను.

పొద్దున్నే ఇంటికొచ్చి కిటికీ తీసి
బూట్లు నీడన పెట్టాను, నాలుకలు బయటికి లాగి.
అమ్మ చూసింది.
ఆముదం సీసా తెచ్చి పక్కన పెట్టి
పాలు పొంగుతున్నాయని లోపలికెళ్ళింది.
కిటికీ మూయలేదు.